పెద్దది బాగానే ఉంది

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 9

బావకు,

నువ్వు క్షేమంగా చేరావని లారీ డ్రైవరు పక్కింటి పైపులాయనతో చెప్పాడట. ఆయన నాతో చెప్పాడు. నేను ఇంట్లో చెప్పాను. నీ చెల్లెళ్ళిద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు.

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. ఫోనైతే ఈ చెవులకు వినపడదు, మీ కొండ మీద అది ఎలాగూ పలకదు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నీ కారు నా కుట్టుగది పక్కన రేకుల షెడ్డులో ఉంది. నువ్వు చెప్పినట్టే రోజూ సాయంత్రం గోడ ప్లగ్గుకు తగిలిస్తున్నాను. పచ్చ దీపం వస్తోంది. పొద్దున తీసేస్తున్నాను. దుమ్ము పడకుండా పైన తొడుగు కుట్టాను. పక్క అద్దాలకు చెవుల్లా వచ్చేట్టు కత్తిరించాను. చిన్నది చూసి, కారుకు నిక్కరు కుట్టావా అంది. పెద్దది కూడా నవ్వింది. వదినను ఇలా పెద్దది అని రాయడం నీ నోటి అలవాటే నాకూ అంటుకుంది. ఎదుట అననులే.

చిన్నది సాయంత్రాలు కారులో కూర్చుంటోంది. ముందు సీట్లో. కాళ్ళు ఆనడం లేదని సీటు బాగా ముందుకు జరుపుకుంది. రేడియో పెట్టుకుంటుంది. నువ్వు తలకు రాసుకునే నూనె వాసన వస్తోందంటుంది. నాతో కాపురం చేసి ముసలిదైంది గానీ దానికి ధైర్యం మాత్రం ఇప్పటికీ అన్నయ్య దగ్గరే. కూర్చోనివ్వనా, వద్దనాలా? రాయి.

దాని దగ్గు అలాగే ఉంది.

సముద్రం సంగతి గుర్తుందా అని అడగమంది. అడిగాను.

ఉంటాను,
దర్జీ


క్యాంపు నుంచి,
ఫిబ్రవరి 21

దర్జీ బావా,

మాటకు ఇంతని ఎవరైనా నీ దగ్గర వసూలు చేస్తున్నారా ఏం? ఉత్తరం విప్పేలోపు అయిపోయింది. ఇంకొక్క మూర గుడ్డ తీసుకుని కుట్టు నాయనా, బిగుతుగా ఉంది.

ఇక్కడ నేను రాజాలా ఉన్నాను. సొరంగం తవ్వేవాళ్ళు పొద్దున లోపలికి పోతారు, సాయంత్రం దుమ్ము కొట్టుకుని బయటికి వస్తారు. వాళ్ళకు రెండు పూటలా వండిపెట్టడం నా పని. రాత్రిపూట రోడ్డు కనపడక టాక్సీ తోలడం మానేశాను గానీ, ఈ కళ్ళు గరిటెకు బాగానే చాలుతున్నాయి. ఉప్పు తగ్గితే చెప్పేది నాలుక. కళ్ళతో పనేముంది?

ఇప్పుడు కారు సంగతి. నేను హడావిడిలో చెప్పకుండా వచ్చేశాను. అందులో బ్యాటరీ ఒకటి కాదు, రెండు. ఒకటి సీటు కింద, పరుపంత ఉంటుంది. నువ్వు గోడకు తగిలించి మేపుతున్నది దాన్నే. కారును లాగేది అది. రెండోది వెనక సామాను పెట్టేచోట అట్ట కింద ఉంటుంది, నీ ఇస్త్రీపెట్టె అంత. తలుపులు తీసేది, దీపాలు వేసేది, కారును నిద్రలేపేది ఈ చిన్నది. ఇది లేపితేనే అది లేస్తుంది. అది కడుపు నిండా ఉన్నా సరే, ఇది లేవకపోతే కారు కారు కాదు, కుర్చీ.

నీకు గుర్తుండేట్టు చెప్పనా? అచ్చం మీ ఇల్లే. పొద్దున ముందు లేచేది ఎవరు? చిన్నది. తలుపు తీసి, పొయ్యి వెలిగించి, "అక్కా" అని ఒక్క కేక వేస్తే గానీ పెద్దది మంచం దిగదు. దిగిందంటే ఇల్లంతా ఒంటిచేత్తో లాగేస్తుంది. అందుకే నేను టాక్సీ తోలే రోజుల నుంచీ ఆ బ్యాటరీలను పెద్దది, చిన్నది అనే పిలుస్తాను. వాళ్ళతో చెప్పకు, ఇద్దరూ కలిసి నన్ను ఉతుకుతారు.

చిన్నదాన్ని కారులో కూర్చోనివ్వు. దాని అన్నయ్య కారు, దాని ఇష్టం. సముద్రం ఎక్కడికీ పోదని చెప్పు. సెప్టెంబరులో ఇక్కడ పని అయిపోతుంది. దిగిన మర్నాడే దాన్ని ముందు కూర్చోబెట్టుకుని తీసుకుపోతాను. ఇంత వయసొచ్చినా అది సముద్రం చూడలేదంటే నాకే సిగ్గు. ఈలోపు రాలేను బావా. పని పూర్తయ్యేదాకా మనిషికి ఒకే ఒక్క సెలవు, అదీ ఇంట్లో జబ్బో చావో అయితేనే. సూపర్‌వైజరు మనిషి మంచివాడే, రూలు దగ్గర రాయి.

దగ్గుకు డాక్టరుకు చూపించు. నాటుమందులతో సరిపెట్టకు.

ఇక సెలవు. ఉత్తరంలో ఎన్నైనా దొరుకుతాయి, సెలవులు.

నీ వంటబావ


ఇంటి నుంచి,
మార్చి 6

బావకు,

చిన్నది ఆదివారం నుంచి లేవడం లేదు. ఎంత కదిపినా ఉలుకూ పలుకూ లేదు. పెద్దది బాగానే ఉంది. పైపులాయన వచ్చి చేతనైంది చేశాడు. మన వల్ల కాదు, పట్నం తీసుకుపోవాలంటాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

దర్జీ


క్యాంపు నుంచి,
మార్చి 16

దర్జీ బావా,

నిన్ను ఏం చెయ్యాలి? నువ్వే చెప్పు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను పప్పు దించుతున్నాను. చదివాను. గరిటె ఎక్కడ పడేశానో తెలియదు. సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తి, నా చిన్న చెల్లెలు మంచాన పడి స్పృహలో లేదని ఏడ్చాను. ఆయన మారు మాట్లాడకుండా సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు. సామాను లారీలో సిమెంటు బస్తాల మీద కూర్చుని కొండ దిగాను. కింద ఊళ్ళో ఫోను పలికే చోటు చూసుకుని, ఒక కొట్టు ముందు నిలబడి పైపులాయనకు చేశాను. "ఎలా ఉంది?" అన్నాను. ఆయన తాపీగా, "ఎలా ఉంటుంది, చచ్చి కూర్చుంది, వెనక తలుపు కూడా తెరుచుకోవడం లేదు" అన్నాడు. నేను అక్కడే ఆ కొట్టు అరుగు మీద కూలబడ్డాను.

ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే పక్క నుంచి, "అన్నయ్యేనా? ఇలా ఇవ్వండి" అని వినిపించింది. ఫోను తీసుకుని చిన్నది అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "అన్నయ్యా, అన్నం తిన్నావా?"

ఆ పూట నేను ఏడ్చానో నవ్వానో కొట్టువాణ్ణి అడగాలి.

మీ దాకా వచ్చేద్దామనే అనుకున్నాను బావా. చిన్నదే వద్దంది. కారుకు జబ్బు చేస్తే సెలవా, వెనక్కి వెళ్ళి ఆ సెలవు దాచుకో, మనకు సముద్రానికి కావాలి అంది. వెనక్కి వచ్చాను. కానీ సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. సంతకం పెట్టిన సెలవు సెలవేనట, ఒక పూట వాడినా వాడినట్టేనట. ఈ ముక్క దానికి చెప్పకు.

తప్పు నాదేలే. ఆ పేర్లు పెట్టిందే నేను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. రేడియో పెట్టుకుని కూర్చుంటోందని రాశావు గదా, అక్కడే వచ్చింది. కారు ఆన్ చెయ్యకుండా రేడియో పెడితే, లైటు వేస్తే, తినేది చిన్నదాన్నే. మన చిన్నదే ఆ చిన్నదాన్ని తినేసింది. గోడకు ఎంత తగిలించినా అది పెద్దదానికే పోతుంది. కారు ఆన్ అయితేనే పెద్దది చిన్నదానికి పెడుతుంది. ఆన్ కావాలంటే ముందు చిన్నది లేవాలి. అదీ ముడి.

పట్నం అక్కర్లేదు. తాళంచెవి రిమోటు పక్కన చిన్న మీట ఉంటుంది, లాగితే లోపలి నుంచి ఇనుప తాళంచెవి వస్తుంది. డ్రైవరు తలుపు పిడి దగ్గర దానితో తియ్యి. బానెట్టు ఎత్తు. ఎర్ర మూత కనపడుతుంది. పైపులాయన వ్యాను పక్కన పెట్టించి, దాని బ్యాటరీ నుంచి ఎర్ర తీగ ఆ మూత కింద, నల్ల తీగ మోటారు పక్కనున్న ఇనుముకు. నారింజ రంగు తీగలు లావుగా కనపడతాయి, వాటి జోలికి మాత్రం పోవద్దు. అది పెద్దది, కొట్టిందంటే మనిషి మిగలడు. వ్యానును కాసేపు అలా నడవనిచ్చి, బ్రేకు తొక్కి బొత్తాం నొక్కమను. లేస్తుంది. చప్పుడు రాదు, కంగారు పడకు.

ఒక్కటి అడుగుతాను. ఫోనులో చిన్నదాని గొంతు బాగా సన్నగా వినిపించింది. ఫోనుదేనా?

ఇక సెలవు. నాకున్నది ఇదొక్కటే ఇప్పుడు.

నీ వంటబావ


ఇంటి నుంచి,
మార్చి 29

బావకు,

తప్పయింది. చాలా సిగ్గుగా ఉంది. ఆ కార్డు రాసేటప్పుడు కారు అన్న మాట రాయాలని తోచలేదు. నేను కారు ముందే కూర్చుని రాశాను. నీకూ కనపడుతోందన్నట్టు రాశాను.

నువ్వు రాసినట్టే చేశాం. తాళంచెవి కడుపులోంచి ఇంకో తాళంచెవి రావడం చూసి చిన్నది చప్పట్లు కొట్టింది. పైపులాయన వ్యానును షెడ్డు దాకా వెనక్కి తెచ్చాడు. ఎర్రది, నల్లది పెట్టాడు. వదినను దూరంగా నిలబడమన్నాను. నారింజ తీగలు చూశాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. కాసేపటికి లోపల దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అద్దం తుడిచే పుల్లలు వాటంతట అవే ఊగాయి. ఇంజను చప్పుడు రాలేదు. నాకేం తేడా, నాకు ఏ చప్పుడూ రాదు. చిన్నది మాత్రం, లేచింది లేచింది అని నా చెవి దగ్గర అరిచింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి కింద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

మొన్న కారులోనే పెద్దాసుపత్రికి వెళ్ళివచ్చాం. పైపులాయన తోలాడు. చిన్నది ముందు సీట్లో కూర్చుని, ఇది సముద్రానికి రిహార్సలు అంది. మందులు మార్చారు.

దగ్గు సంగతి నీకు రాయవద్దని నా దగ్గర మాట తీసుకుంది. అందుకని రాయడం లేదు.

దాని బట్టలన్నీ మళ్ళీ లోపలికి కుట్టాను. ఇది రెండోసారి. టేపు చుడితే నా చేతిలో చాలా మిగిలిపోతోంది.

వదిన కులాసా. పొద్దున చిన్నది పిలవడం కాస్త ఆలస్యమవుతోంది. వదిన మంచం మీదే కళ్ళు తెరుచుకుని పిలుపు కోసం చూస్తూ ఉంటుంది.

ఉంటాను,
దర్జీ


క్యాంపు నుంచి,
ఏప్రిల్ 12

దర్జీ బావా,

ఈసారి ఉత్తరం కాస్త వదులుగా కుట్టావు. సంతోషం.

దగ్గు సంగతి రాయడం లేదన్నావు. అంటే రాయడానికేమీ లేదన్నమాట. పెద్దాసుపత్రి మందులంటే అంతే, గట్టివి. బట్టలు లోపలికి కుట్టావంటే చిన్నది సన్నబడిందన్నమాట. చిన్నప్పటి నుంచి దానికి ఆ పిచ్చి ఉంది. పెద్దదాని పక్కన నిలబడి, నేను ఎంత సన్నగా ఉన్నానో చూడన్నయ్యా అనేది. ఇప్పుడు ఇంకా మురిసిపోతూ ఉంటుంది. మరీ ఎక్కువ మురవనివ్వకు, నేను వచ్చేసరికి సీట్లో కనపడాలి.

ఇక్కడ నా బతుకు నవ్వులాట అయిపోయింది. ఆ రోజు సెలవు పెట్టి ఏడ్చుకుంటూ దిగి, తెల్లారి నవ్వుకుంటూ ఎక్కానా, క్యాంపంతా కథ పాకింది. ఇప్పుడు సొరంగంలో ఎవడి టార్చిలైటు ఆరినా "చిన్నది పోయిందిరా" అని కేక. నిన్న సూపర్‌వైజరు గడియారం ఆగిపోతే ఆయనే అన్నాడు ఆ మాట. రాయి లాంటి మనిషి, నవ్వాడు.

కారు సంగతి ఒకటి చెప్పాలి. వారానికోసారైనా బ్రేకు తొక్కి బొత్తాం నొక్కి, కారు ఆన్‌లో ఉంచి కాసేపు అందులో కూర్చో. తోలక్కర్లేదు. పెద్దది చిన్నదానికి పెడుతుంది, నువ్వు ఊరికే కూర్చుంటే చాలు. రేడియో కూడా అప్పుడే పెట్టుకోమను. కానీ ఆ చిన్నది పాతబడిపోయింది బావా. ఒకసారి అలా పూర్తిగా పడుకున్నది ఎక్కువ రోజులు రాదు. మళ్ళీ ఎప్పుడో పోతుంది. పోతే నువ్వు కంగారు పడకు, నన్ను కంగారు పెట్టకు. చిన్నది పోయిందని ఒక్క ముక్క రాయి, చాలు. నాకు అర్థమవుతుంది. మిగతాది నేను చూసుకుంటాను.

పెద్దదానితో, చిన్నదానితో నేను అడిగానని చెప్పు. మనుషుల్ని అంటున్నాను.

ఇక సెలవు.

నీ వంటబావ


ఇంటి నుంచి,
మే 24

బావకు,

చిన్నది పోయింది. మంగళవారం పొద్దున.

పెద్దది బాగానే ఉంది.

ఇక్కడ వాన.

దర్జీ


క్యాంపు నుంచి,
జూన్ 5

దర్జీ బావా,

ఒక్క ముక్క రాయమంటే నిజంగా ఒక్క ముక్కే రాసిన మనిషివి నువ్వు ఒక్కడివే ఉంటావు. పైగా మంగళవారం పొద్దున అని వారం కూడానా, పెద్దమనుషులు ఎవరో పోయినట్టు.

పోతే పోయిందిలే. ఎన్నాళ్ళని వస్తుంది? ఎండనకా వాననకా చేసింది. నాతో ఎన్ని ఊళ్ళు తిరిగింది. ఒక్కరోజు అలిగి ఎరగదు, ఆ ఒక్కసారి తప్ప. దానికోసం ముఖం వేలాడేసుకుని కూర్చోకు. పాతదాన్ని ఇంట్లో ఉంచుకోవద్దు, దుకాణంలో ఇచ్చేసి కొత్తది తెచ్చుకో. కొలత సరిగ్గా అదే ఉండాలి సుమా. దర్జీవి, కొలతలు నీకు నేను చెప్పాలా.

నీ ఉత్తరం రాత్రి భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. "చిన్నది పోయింది" అనగానే అందరూ పళ్ళేల ముందు నుంచి లేచి నిలబడ్డారు. తలలు వంచి మౌనం పాటించారు. టార్చిలైట్లు కూడా ఆర్పారు. ఎవడో ఆగలేక కిసుక్కుమన్నాడు, అంతే, సొరంగం కూలినట్టు నవ్వులు. సూపర్‌వైజరుతో సహా.

ఈ ఉత్తరం మన అసలు చిన్నదానికి చదివి వినిపించు. నవ్వించు. ఆ రోజు ఫోనులో విన్న గొంతు నా మనసులోంచి పోవడం లేదు బావా. ఈసారి దానిచేత రెండు మాటలు రాయించి పంపు. దాని వంకర అక్షరాలు చూస్తే గానీ నాకు అన్నం సయించేట్టు లేదు. సెప్టెంబరు దగ్గర పడుతోందని చెప్పు. సీటు ముందుకే జరిపి ఉంచమను.

ఇక సెలవు.

నీ వంటబావ


ఇంటి నుంచి,
జూన్ 17

బావకు,

నీ ఉత్తరం అందింది.

నీ ఉత్తరాలు ఎప్పుడూ నేను బయటికి చదవాలి, వదినకు చదువు రాదు గదా. ఈసారీ వదిన మంచం పక్కన కూర్చుని విప్పాను. ముందు కళ్ళతో చూసుకున్నాను. పోతే పోయిందిలే అన్న దగ్గర ఆగిపోయాను. అన్నయ్య ఏం రాశాడని వదిన అడిగింది. పాతదాన్ని ఇంట్లో ఉంచుకోవద్దు, కొత్తది తెచ్చుకో అన్నది అప్పుడే చదువుతున్నాను, మధ్యలో దుకాణం అన్న మాట కంటికి ఆనలేదు. నీకు నా మీద అంత కోపం వచ్చిందనుకున్నాను. దాన్ని సరిగ్గా చూసుకోలేదని అలా రాశావనుకున్నాను. రాదగిన కోపమే అనుకున్నాను. వదిన మళ్ళీ అడిగింది. వస్తున్నానని రాశాడు అన్నాను.

తర్వాత కుట్టుగదిలోకి పోయి మిగతాది చదివాను. అసలు చిన్నది అన్న మాట దగ్గరికి వచ్చాక తెలిసింది.

బావా, కారులో చిన్నది బాగానే ఉంది. ఇవాళ కూడా బొత్తాం నొక్కితే లేచింది. పోయింది అది కాదు.

నేను సరిగ్గా రాయలేదు. ఆ రోజు కొండ కింద ఊళ్ళో ఉన్న మీ ఆఫీసుకు పైపులాయన చేత ఫోను చేయించాను. వానలకు లైను తెగి కలవలేదన్నాడు. సరే అని కాగితం తీసుకున్నాను. ఒక్క ముక్క చాలు, నాకు అర్థమవుతుందని నువ్వు రాసింది గుర్తొచ్చింది. నా దగ్గర ఉన్నదీ ఒక్క ముక్కే. అది రాశాను. అది కారు సంగతి అవుతుందని నాకు తట్టనే లేదు. ఆ వారం కారు అనేది ఒకటుందని కూడా నాకు లేదు.

ఇప్పుడన్నా అన్నీ రాస్తాను. ఇక మాట నిలుపుకోవడానికి ఎవరూ లేరు.

ఊపిరితిత్తులన్నారు. మార్చిలో పెద్దాసుపత్రిలోనే చెప్పారు. ఆలస్యమైందన్నారు. కారులో తిరిగివస్తూ, అన్నయ్యకు రాశావంటే నీతో మాట్లాడను అంది. సెలవు అయిపోయిన సంగతి దానికి తెలుసు బావా. నువ్వు చెప్పవద్దన్నావు, నేను చెప్పలేదు. నీ ఉత్తరం మడిచి మిషను సొరుగులో పెట్టాను, చూసుకుంది. ఉన్న ఒక్కటీ నా రేడియో వల్ల పోయింది, ఇంకోటి అడిగి వాళ్ళ చేత మాటలు పడతాడు, వద్దు అంది. నేను రాయలేదు. కుట్లు లోపలికి వేశానని మాత్రం రాశాను. నీకు తెలుస్తుందనుకున్నాను.

మే నెలలో షెడ్డు దాకా నడవలేకపోయింది. నేను ఎత్తుకుపోయేవాణ్ణి. మడత పెట్టిన బట్ట ఎత్తినట్టుండేది. ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇటు వచ్చి బ్రేకు తొక్కి బొత్తాం నొక్కేవాణ్ణి. నాకు తోలడం రాదు. ఇద్దరం అలా షెడ్డు గోడ చూస్తూ కూర్చునేవాళ్ళం. రేడియో అది వినేది. నాకు వినపడదు కాబట్టి దాని ముఖం చూసేవాణ్ణి. ఇప్పుడు పెద్దది చిన్నదానికి పెడుతోందా అని అడిగేది. పెడుతోంది అనేవాణ్ణి. ఇంట్లోనూ అదే జరుగుతోంది. వదినే దానికి గంజి తాగించేది, తల దువ్వేది. అయినా పొద్దున అక్కా అన్న పిలుపు మాత్రం చిన్నదే పిలవాలి. గొంతు లేకపోతే చెంచాతో మంచం కోడు మీద కొట్టేది. వదిన లేచేది.

ఒకరోజు కారులో నా చెవి దగ్గరికి వచ్చి, "అన్నయ్య వచ్చేదాకా చిన్నదాన్ని పోనివ్వకు" అంది. సరే అన్నాను. నేను కారు సంగతే అనుకున్నాను. ఏ చిన్నదాన్ని అని అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది.

మంగళవారం పొద్దున తలుపు తియ్యలేదు. పొయ్యి చల్లగా ఉంది. వదిన కళ్ళు తెరుచుకుని పిలుపు కోసం చూస్తూ పడుకుని ఉంది. నేను వెళ్ళి చూశాను. చెంచా చేతిలోనే ఉంది.

పెద్దది బాగానే ఉందని రాశాను. అది అబద్ధం బావా. ఒంట్లో ఏమీ లేదు, డాక్టరు చూశాడు. పెడితే తింటుంది. మంచం దిగదు. నేను వదినా అని పిలుస్తాను. చెంచాతో మంచం కోడు మీద కూడా కొట్టి చూశాను. నా వైపు చూసి, నువ్వు కాదు అన్నట్టు అటు తిరిగి పడుకుంటుంది. పుట్టింటి పిలుపుతో ఆమెను పిలిచే మనిషి ఇక నువ్వొక్కడివే.

మార్చిలో పైపులాయన వ్యాను తెచ్చి పక్కన ఆపాడు చూడు. ఏమీ మార్చలేదు, ఏమీ విప్పలేదు. తీగ కలిపి కాసేపు పక్కన ఉన్నాడు. దానికే లేచింది.

నాకు అడగడం చేతకాదు. ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదు. పెళ్ళిచూపుల్లో కూడా ఏమైనా అడుగు బాబూ అంటే తల వంచుకున్నాను, నువ్వే నవ్వావు. ఇప్పుడు అడుగుతున్నాను. ఒకసారి రా బావా. వస్తున్నావని ఆమెకు చెప్పేశాను.

సీటు అది జరుపుకున్న చోటే ఉంది. కారు పొద్దున సాయంత్రం ఆన్ చేస్తున్నాను. నేను ఇటు కూర్చుంటాను. అటు ఖాళీ.

దర్జీ


క్యాంపు నుంచి,
జూన్ 27

బావకు,

ఉత్తరం అందింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర దానికోసం అందరం లేచి నిలబడ్డాం. నేను కూడా. ఇవాళ నీ ఉత్తరం సూపర్‌వైజరుకు చూపించాను. ఆయన చదివి, మడిచి నాకు తిరిగిచ్చాడు.

సామాను లారీ దిగుతోంది. ఈ కాగితం డ్రైవరుకు ఇస్తాను. నేనూ అదే లారీలో ఉంటాను. ఇద్దరం ఒకేసారి వస్తాం. అయినా రాస్తున్నాను. ఎదురుపడితే నాకు నోరు రాదు, నువ్వు మాట్లాడాలి.

పెద్దదాన్ని నేను పిలుస్తాను. నువ్వు షెడ్డు తలుపులు తీసి ఉంచు. ముగ్గురం వెళదాం. పగలే వెళదాం, నాకు రోడ్డు కనపడుతుంది. మీరిద్దరూ వెనక కూర్చోండి. ముందు సీటు కదపకు.

సెలవు అడగలేదు.

అన్నయ్య